మైక్ వచ్చేదాకా మాట్లాడకు

సెప్టెంబర్ 4, గురువారం

అక్కకి ఆపరేషన్ ఇరవై తొమ్మిదో తారీఖున. గొంతులో మాట పుట్టే చోటు మొత్తం తీసేస్తారట. ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదు అని డాక్టరు ఒకే ఊపిరిలో చెప్పేశాడు. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అక్క మాత్రం "మరి నవ్వో?" అని అడిగింది.

"నవ్వు వస్తుందండీ. చప్పుడు రాదు."

"అయితే పక్కింటివాళ్ళకి నా పీడ వదిలినట్టే," అంది అక్క. డాక్టరు నవ్వాలో వద్దో తెలియక కాగితాలు సర్దుకున్నాడు.

తరవాత పక్క గదిలో మాట్లాడడం నేర్పే ఆవిడ దగ్గరికి పంపారు. చిన్న వయసే. అక్క గడప దాటకముందే ఆవిడకి "మాటల టీచరమ్మ" అని పేరు పెట్టేసింది. ఫోన్‌లో గళ్ళు గళ్ళుగా బటన్లు ఉంటాయట. ఒక్కో బటన్ మీద ఒక్కో మాట అక్క గొంతుతో ఇప్పుడే రికార్డు చేసి పెట్టుకుంటే, ఆపరేషన్ అయ్యాక బటన్ నొక్కగానే ఆ మాట అక్క గొంతుతోనే వినపడుతుందట. రోజూ కాసేపు, చప్పుడు లేని గదిలో కూర్చుని చెయ్యాలి. కంప్యూటర్‌కి తగిలించే చిన్న యుఎస్‌బి మైక్ ఉంటే మాట శుభ్రంగా వస్తుంది. లేకపోతే ఫోన్‌లో అయినా ఫరవాలేదు, ఇవాళే మొదలుపెట్టండి అంది.

"మైక్ సంగతి నేను చూసుకుంటాను," అన్నాను.

అక్క నా వైపు వింతగా చూసింది. మా ఇంట్లో "నేను చూసుకుంటా" అనేది ఎప్పుడూ అక్కే. బావగారు పోయాక గుండీలు, లేసులు అమ్మే మా బటన్ల షాపు చూసుకుంది, మేడ మీద మాకు ఇల్లిచ్చి మమ్మల్ని చూసుకుంది. ఒక్క పనైనా నేను చూసుకోవాలి కదా.

ఆ పని సరిగ్గా చేసే బుద్ధినివ్వమని దేవుణ్ణి అడిగాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

సౌండ్ షాపుకి వెళ్ళాను. అక్కడ కూర్చున్న పెద్దాయన మైకులన్నీ అద్దాల బీరువాలోంచి తీసి వరసగా పెట్టాడు. మైకంటే సభల్లో పొడుగాటి కర్రకి ఉండేదే అనుకున్నాను. ఇవి అరచేతిలో పట్టేస్తాయి. ఒకటి కోడిగుడ్డంత ఉంది.

"ఎవరు పాడతారమ్మా?"

"పాడరు. మాట్లాడతారు."

"అయితే ఇది చూడండి. ఎదురుగా ఉన్న మాటే పట్టుకుంటుంది, వెనకాల ఏం జరిగినా దీనికి పట్టదు. ఆ రెండోది అన్ని వైపులా వింటుంది. పక్కింటి కుక్క కూడా పడుతుంది." కంప్యూటర్‌కి తగిలించి నా ముందు పెట్టాడు. "ఏదైనా మాట్లాడండి."

మాట్లాడాను. తెర మీద ఆకుపచ్చ గీత కదలాలట. కదల్లేదు.

"కొంచెం గట్టిగా."

గట్టిగానే మాట్లాడాను. పెద్దాయన వైరు ఊడిందేమోనని చూసుకున్నాడు. "మీకోసం కాదు కదమ్మా?"

"మా అక్క కోసం."

"ఆవిడా ఇంతేనా?"

"మా అక్కకి మైక్ అక్కర్లేదండీ," అన్నాను. అనేశాక ఏం అన్నానో నాకే అర్థమైంది. ఆయన వైరు చుట్టి పక్కన పెట్టాడు.

కొనకుండానే వచ్చేశాను. ఆలోచించుకోవాలి. ఇది చీర కాదు, నచ్చకపోతే ఇంకోటి కట్టుకుందామనుకోవడానికి. జీవితాంతం ఉండే గొంతు.

సెప్టెంబర్ 6, శనివారం

అక్క పొద్దున్నే షాపు మెట్ల మీద నిలబడి ఎదురుగా ఉన్న టైలర్ మాస్టారిని "మాస్టారూ, మీ నీలం జిప్పులొచ్చాయి, పట్టుకెళ్తారా, నన్నే కుట్టుకోమంటారా?" అని కేక పెట్టింది. చివర్లో గొంతు బొంగురుపోయింది. ఉన్న కాస్తా ఇలా రోడ్డు మీద పారబోస్తోంది.

"అక్కా, మైక్ వచ్చేదాకా మాట్లాడకు," అన్నాను.

"ఏమన్నావ్? నీ మాట వినాలంటే నీ నోట్లోకి దూరాలి."

"మాట్లాడకు. గొంతు దాచుకో. మంచి మైక్ తెస్తాను, దాని ముందు కూర్చుని తనివితీరా మాట్లాడుదువుగాని."

ఒప్పుకోదనుకున్నాను. అక్క నన్ను కాసేపు చూసి, పెదాల మీద తాళం వేసినట్టు వేళ్ళు తిప్పి, ఆ తాళం చెవిని నా చేతిలో పెట్టినట్టు నటించింది. నేను కూడా మూర్ఖురాలిలా గుప్పిట మూశాను.

సెప్టెంబర్ 8, సోమవారం

టైలర్ మాస్టారు రోడ్డు దాటి వచ్చాడు. "కేక వినపడకపోతే షాపు తెరవలేదనుకున్నానమ్మా." అక్క చేతులతో ఏదో చూపించింది. ఆయనకి అర్థం కాలేదు. నేను చెప్పాను. నేను చెబుతుంటే ఆయన, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బల్ల మీదికి వంగి మరీ విన్నారు.

లేసుల రంగులు చెప్పడం కూడా నేనే. నా మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డం రాలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

మైక్ తెచ్చాను. బాగాలేదు. వెనక నుంచి ఫ్యాన్ చప్పుడు వస్తోంది. కింద షాపులో నా కుట్టుమిషన్ బల్ల మీద పెడితే, ఆ బల్ల ఊపు కూడా వినపడుతోంది. మైక్ స్టాండు మరీ పొట్టిది, బల్లకి అతుక్కుపోయినట్టుంది. అక్క గొంతు వెనక జన్మంతా నా మిషన్ చప్పుడు ఉండాలా? రేపు తిరిగిచ్చేస్తాను.

అక్క ఫోన్ తీసి చూపించింది. దీంట్లో చేద్దామని. వద్దన్నాను.

సెప్టెంబర్ 10, బుధవారం

మైక్ తిరిగిచ్చేశాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ప్రార్థన మధ్యలో కింద నుంచి ఎవరూ పిలవలేదు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా తెగలేదు. దేవుడా, నీకు కృతజ్ఞతలు.

సెప్టెంబర్ 11, గురువారం

నిన్నటి చివరి మాట అలవాటుగా రాశాను. ప్రతిదానికీ కృతజ్ఞతలు చెప్పడం నాకు అలవాటు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఈసారి మంచిది దొరికింది. నల్లగా, చిన్నగా, గుండ్రని పాదం మీద నిలబడి ఉంది. పాదం కింద రబ్బరు. బల్ల ఊగినా దీనికి తెలియదు. నోటి గాలి తగలకుండా స్పాంజి టోపీ ఉంది. రికార్డు అవుతున్నప్పుడు ఎర్ర దీపం వెలుగుతుంది. మైక్‌కే చెవులకి పెట్టుకునేది తగిలించుకోవచ్చు, మన మాట మనకి అప్పటికప్పుడే వినపడుతుంది.

మా ఆయన వ్యాన్ తీసుకుని డెలివరీలకి వెళ్ళాక ఆయన ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాను. పడక గది కిటికీ మూసి, మైక్ నోటికి దగ్గరగా జరుపుకుని, రోజూ చేసుకునే ప్రార్థన చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా పట్టుకుంది.

తరవాత విన్నాను. ఆ గొంతు ఎవరిదో అనుకున్నాను. నిండుగా, నిదానంగా, ఎవరికీ భయపడకుండా చెబుతోంది. మళ్ళీ విన్నాను.

అక్క సాయంత్రం మైక్ చూసి కనుబొమలెగరేసింది. "ఇంకా సెట్ చెయ్యాలక్కా," అన్నాను.

సెప్టెంబర్ 13, శనివారం

టోపీ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చేశాను. పెడితేనే బాగుంది. మైక్‌ని కొంచెం వారగా పెడితే ఇంకా బాగుంది. అన్నీ సరిచూసుకోవాలి కదా. అక్క ఒకసారి కూర్చుందంటే మళ్ళీ మళ్ళీ చెప్పించి అలసిపోయేలా చెయ్యకూడదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

షాపు సెలవు. ఇవాళ పూర్తి ప్రార్థన రికార్డు చేశాను. మధ్యలో తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. తన నోరు చూపించి, మైక్ చూపించి, రెండు చేతులూ అడుగుతున్నట్టు చాపింది.

నేను తల అడ్డంగా ఊపాను.

అక్క మాట్లాడలేదు. నేనే కదా మాట్లాడవద్దన్నాను.

సెప్టెంబర్ 15, సోమవారం

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "మా వదిన నన్ను తిట్టి వారం దాటింది. తిట్లు లేక తిన్నది అరగడం లేదు. ఎప్పుడమ్మా ఆ మైకుకి ముహూర్తం?" అన్నాడు. అక్క ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డించి, వీపు మీద ఒక్కటేసింది. చప్పుడు బాగా వచ్చింది. ముగ్గురం నవ్వాం. ఇద్దరి నవ్వే వినపడింది.

అక్క నవ్వు ఇప్పుడే ఎందుకు వినపడలేదు?

సెప్టెంబర్ 16, మంగళవారం

ఇవాళ అక్కని మైక్ ముందు కూర్చోబెట్టాను. తలుపు మూశాను, ఫ్యాన్ ఆపాను. ఎర్ర దీపం వెలిగింది. అక్క జుట్టు సవరించుకుంది, ఫోటో తీయించుకుంటున్నట్టు. నోరు తెరిచింది.

చిల్లు పడ్డ సైకిల్ ట్యూబు లోంచి గాలి పోయినట్టు వచ్చింది.

నీళ్ళు తాగింది. మళ్ళీ ప్రయత్నించింది. గోరువెచ్చగా చేసి ఇచ్చాను. మళ్ళీ ప్రయత్నించింది. ఒక్కసారి "మాస్టా..." అని వచ్చి విరిగిపోయింది. ఆకుపచ్చ గీత ఒక్క క్షణం పైకి లేచి పడుకుంది.

"ఇన్నాళ్ళు వాడలేదు కదక్కా, తుప్పు పట్టుంటుంది. రేపు వస్తుంది," అన్నాను.

అక్క మైక్ మీది టోపీ సరిచేసి లేచి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 17, బుధవారం

ఆసుపత్రిలో మాటల టీచరమ్మ, "ఎన్ని మాటలు రికార్డు చేశారు?" అని అడిగింది.

"మైక్ రావడం ఆలస్యమైందండీ," అన్నాను. అబద్ధం అంత సాఫీగా వచ్చింది నా నోటి నుంచి. ఈ మధ్య మాట్లాడడం బాగా అలవాటైంది కదా. అక్క నా పక్కనే ఉంది. నా వైపు చూడలేదు. గోడ మీది గొంతు బొమ్మ చూస్తోంది.

"ఫోన్‌లో అయినా చెయ్యమన్నాను కదండీ."

"వాడకుండా దాచితే ఉంటుందనుకున్నాను."

టీచరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "లోపల గడ్డ పెరిగి అదుముతోందండీ. మాట్లాడినా, మాట్లాడకపోయినా ఈ పాటికి గొంతు ఇలాగే అయ్యేది. మాట్లాడి ఉంటే ఆ రోజుల మాటలు మిగిలేవి. అంతే తేడా."

అంతే తేడా.

డాక్టరు కూడా చూశాడు. ఆపరేషన్ తారీఖు మారదు, గొంతు మళ్ళీ రాదు అన్నాడు. బయటికి వచ్చాక టీచరమ్మ వెనకాలే వచ్చి, "ఇలాంటప్పుడు తోబుట్టువు గొంతుతో పెట్టుకుంటారండీ. మీ చెల్లెలుగారి గొంతు రికార్డు చేసుకోండి. ఎవరిదో యంత్రం గొంతు కంటే నయం కదా," అంది.

అక్క గుసగుసగా మాట్లాడింది. గాలి తప్ప గొంతు లేని మాట. "దీని గొంతా? షాపు మూసుకోవాల్సిందే."

సెప్టెంబర్ 18, గురువారం

ప్రార్థనకి కూర్చున్నాను. నోరు రాలేదు.

మైక్ వచ్చింది శుక్రవారం. అక్కని కూర్చోబెట్టింది మంగళవారం. ఆ మధ్య ఆ మైక్ ఎవరి గొంతు విన్నదో దేవుడికి తెలుసు. శుక్రవారం అక్క గొంతు ఉందేమో. శనివారం ఉందో లేదో నాకు తెలియదు. ఒక్క మాట మాట్లాడనిచ్చి ఉంటే తెలిసేది.

మా ఆయనకి చెప్పేశాను. ఆయన చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. "నాకు తెలుసు. ఆదివారం మెట్ల మీద కూర్చుని విన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నీ గొంతు పూర్తిగా విన్నది అప్పుడే. బాగుందనిపించి గమ్మునున్నాను."

"ఒక్క మాట అనకూడదూ?"

"అనాల్సింది," అన్నాడు. రెండో చెప్పు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

నా ప్రార్థన రికార్డులన్నీ ల్యాప్‌టాప్‌లోంచి తీసేశాను. తీసేస్తే పోయేది కాదు ఇది.

సెప్టెంబర్ 20, శనివారం

మొదలుపెట్టాం. అక్క నా చెవిలో గుసగుసగా చెబుతుంది, నేను మైక్‌లో గట్టిగా చెప్పాలి. చెవులకి పెట్టుకునేది అక్క దగ్గర. నేను చెప్పింది అప్పటికప్పుడే విని, నచ్చకపోతే బల్ల మీద కొడుతుంది.

"మాస్టారూ, జిప్పులొచ్చాయి!"

బల్ల మీద దెబ్బ. "జిప్పులొచ్చాయని చెబుతున్నావా, ఎవరో పోయారని చెబుతున్నావా?"

"మాస్టారూ! జిప్పులొచ్చాయి!"

"ఊఁ. మన మెట్ల దాకా వెళ్ళింది. రోడ్డు దాటాలి."

"ఆ రంగు మీకు నప్పదమ్మా, నా మాట వినండి." "చూడ్డానికి డబ్బులక్కర్లేదు, పట్టుకుని చూడండి." "మరిదిగారూ, ఆ చెప్పులు బయట." "ఒసేయ్, ఒంట్లో బాగాలేదంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, నా దగ్గరికి కాదు." ఇదంతా అక్క రోజూ అనేదే. నా నోట్లోంచి వస్తుంటే అద్దెకి తెచ్చుకున్న చీర కట్టుకున్నట్టుంది. ఎవరైనా చూసి ఇది నీది కాదే అంటారేమోనని.

ఎంత గట్టిగా చెప్పినా ఆకుపచ్చ గీత సగం దాటలేదు. అక్క అలసిపోయి వెనక్కి వాలింది. "నువ్వు దేవుడితో మాట్లాడినట్టు మాట్లాడితే ఎలా? ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి. మన బేరాలకి లేవు."

ఈ మైక్ ఎంత చిన్న మాటనైనా పట్టుకుంటుందనే కదా కొన్నాను. ఎవరి చిన్న మాట కోసం కొన్నాను?

సెప్టెంబర్ 22, సోమవారం

మధ్యాహ్నం షాపు మూసిన వేళ కూర్చున్నాం. ఎండకి కిటికీ ఒక రెక్క తీశాం, ఉక్కగా ఉందని. నలభై మాటల దాకా అయ్యాయి. ఇంక చాలనుకుని నేను దీపం ఆపబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకొకటి అంది. చెవి దగ్గరికి వంగింది.

"చెల్లీ, నేను నోరు మూసుకున్న వారం నీకు హాయిగా ఉందిగా?"

నేను మైక్ వైపు చూశాను. ఎర్ర దీపం వెలుగుతోంది.

"చెప్పు," అంది మైక్ చూపించి.

"ఇదెందుకక్కా?"

"ఆపరేషన్ అయ్యాక నిన్ను అడగాలిగా. అప్పుడు నా దగ్గర నోరుండదు."

"ఇప్పుడే అడుగు. ఇప్పుడే చెబుతాను."

"ఇప్పుడడిగితే ఏడుస్తావు. పని ఆగిపోతుంది." గుసగుస తెగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "ఇది కోపం కాదే. నిన్ను అడగకుండా ఉంచుకుంటే నాకే బరువు. లే, వెన్ను నిటారుగా పెట్టు."

చెప్పాను. మాటలు గొంతులోనే ఉండిపోయాయి. బల్ల మీద దెబ్బ.

మళ్ళీ చెప్పాను. అక్క తల ఊపలేదు. "నేను అడుగుతున్నట్టు అడుగు. నువ్వు క్షమించమంటున్నట్టు కాదు."

మూడోసారి ఏమైందో నాకు తెలియదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "చెల్లీ! నేను నోరు మూసుకున్న వారం నీకు హాయిగా ఉందిగా?" అని అరిచాను. నా జన్మలో అలా అరవలేదు. ఆకుపచ్చ గీత పై అంచుకి తగిలి ఎర్రబడింది. రోడ్డవతల టైలర్ మాస్టారు మిషన్ ఆపి పైకి చూశాడు.

అక్క చెవుల్లోది తీసి బల్ల మీద పెట్టింది. తనకి చెమట పట్టింది. "ఇదీ," అంది.

"జవాబు కూడా ఒక బటన్ మీద పెట్టనా?"

"వద్దు. అది అప్పుడు చెబుదువుగాని. నోరున్నదానివి."

సెప్టెంబర్ 29, సోమవారం

తీసుకెళ్ళేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. వినపడలేదు. చక్రాల మంచం వెంట పరుగెత్తి మళ్ళీ చెప్పమన్నాను. అక్క నవ్వి, ఫోన్ ఉన్న నా సంచీ వైపు వేలు చూపించింది.

సెప్టెంబర్ 30, మంగళవారం

బాగా జరిగిందన్నారు. ప్రార్థనలో ఏమీ అడగలేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

అక్క షాపులో కూర్చోవడం ఇది మొదటిరోజు. మెడ చుట్టూ సన్నటి నూలు గుడ్డ. ఒళ్ళో ఫోన్, పక్కన స్పీకరు. మెట్ల మీదికి వెళ్ళి మొదటి బటన్ నొక్కింది. "మాస్టారూ! జిప్పులొచ్చాయి!" నా గొంతు రోడ్డు దాటింది. మాస్టారు నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నేను లోపల మిషన్ దగ్గర ఉన్నాను, పెదాలు కదపకుండా. అక్క తన గుండె మీద చెయ్యి వేసి నేనూ, నేనూ అని చూపించింది. ఆయన ఆవిడకీ ఒక దండం పెట్టాడు.

పొద్దుటి నుంచి బటన్లన్నీ వాడింది. ఒక్కటి తప్ప. అక్క వేలు ఫోన్ మీద కదిలినప్పుడల్లా నా కాలు మిషన్ మీద ఆగిపోయేది. కుట్టిన చొక్కా చేతులు రెండుసార్లు విప్పి కుట్టాను.

మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు లేసులు చూస్తున్నారు. అక్క నా వైపు తిరిగింది. నొక్కింది.

ఆ ప్రశ్న షాపంతా వినపడింది. ఆడవాళ్ళు లేసు వదిలేసి నన్ను చూశారు, నేనే నన్ను తిడుతున్నాననుకున్నారేమో.

"అవునక్కా," అన్నాను.

అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. వినపడలేదట.

లేచి నిలబడి మళ్ళీ చెప్పాను.